మీ నాన్న సముద్రపు గుర్తులు

గన్నెట్ కోవ్,
మార్చి 29, ఆదివారం మధ్యాహ్నం.

జెనీవ్‌కి,

నేనూ ఊనా కులాసా. కుక్క కూడా కులాసా. సముద్రం మధ్య ఆ చమురు రిగ్గు మీద నువ్వూ, నీ వంటింటి బలగమూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మనింట్లో ప్రాణం మీదికొచ్చింది ల్యాప్‌టాప్ ఒక్కదానికే. అది పోయి కూడా పది రోజులైంది.

చేత్తో రాసిన ఉత్తరం చూసి కంగారు పడకు. ఫోన్లు వచ్చి ఇన్నేళ్లయినా నువ్వు రిగ్గు నుంచి ఉత్తరాలు రాయడం మానలేదు. నేనే బద్ధకించి ఈమెయిల్లో రెండు ముక్కలు కొట్టి పంపేవాణ్ణి. ఇప్పుడు ఆ ఈమెయిలు ఎవడో దొంగవెధవ చదువుతున్నాడు. ఫోనులో చెబుదామా అంటే, ఫోను కోసం నీ వెనక వరసలో నిలబడ్డవాళ్ల దగ్గులు నాకు వినిపిస్తుంటాయి. పైగా నేను సగం చెప్పేలోపే నువ్వు పెట్టేస్తావు. ఇది పూర్తిగా వినాల్సిన సంగతి. అందుకే మంగళవారం మీ రిగ్గుకి హెలికాప్టరెక్కుతున్న మన ఊరి బ్రైడ్ చేతికిస్తున్నాను. కవరుకు టేపు మూడు చుట్లు చుట్టాను. ఊడి ఉంటే బ్రైడ్‌నే అడుగు.

ముందు నువ్వడిగినవి. బీపీ మాత్రలు మానలేదు, కానీ ఈ పది రోజులూ అవి నాకు చాలినట్టు లేవు. కుక్క కాలు మానింది, మళ్లీ మెట్లు ఎక్కుతోంది. వసారా కప్పు కారడం ఆగింది. ఊనా లైసెన్సు కాగితాలు వచ్చాయి. ఏప్రిల్ ఇరవైన లాబ్‌స్టర్ సీజను మొదలు. మీ నాన్న లైసెన్సు, మీ నాన్న పడవ, ఇకనుంచి యజమాని మన పిల్ల. ఆ కాగితం వంటింటి బల్ల మీద పెట్టుకుని, బఠాణీ సూపు చల్లారిపోయేదాకా చదువుతూ కూర్చుంది. పట్నంలో బ్యాంకు ఉద్యోగం వదిలి వచ్చినందుకు ఒక్కసారి కూడా విచారించినట్టు కనబడలేదు.

నీ ఉత్తరం చివర్న, "నాన్న పుస్తకం పెట్టెలో భద్రంగా ఉంది కదా? సీజనుకి ముందే ఊనాకివ్వు, ఇచ్చేటప్పుడు నేను కూడా ఉంటే బాగుండేది" అని రాశావు. దానికి వస్తాను. ముందు నాలుగు తిట్లు తిట్టనీ, కడుపులో మంట కొంచెం తగ్గుతుంది.

వరసగా రాస్తాను. నీకు తెలిసినవి కూడా మధ్యలో వస్తాయి, విసుక్కోకు. వరసగా రాస్తేనే నేనెక్కడ తప్పానో నాకు కనబడుతోంది.

మీ నాన్న గుర్తులు నలభై ఏడు. నీటి అడుగున ఏ రాళ్ల దగ్గర లాబ్‌స్టర్లు చేరతాయో, ఏ సందులో బోను వేస్తే ఖాళీగా పైకి రాదో, ఆయన కనిపెట్టి యాభై ఏళ్లు బోనులు వేసిన చోట్లు. నేను మా అన్న పెద్ద పడవలో పీతల వేటకు పోయినవాణ్ణి. ఈ చోట్లు నాకు తెలిసింది ఆయన మంచం పట్టేముందు వేసవిలోనే. ఆ వేసవంతా ఆయన పడవ ముందు భాగాన కూర్చుని, ఒడ్డుకేసి చూసి, "ఇక్కడ" అనేవాడు. నేను ల్యాప్‌టాప్‌లో సముద్రపటం తెరిచి బొత్తాం నొక్కేవాణ్ణి. ఆయన పోయాక మూడు సీజన్లూ ఆ తెర చూసుకునే పడవ నడిపాను. పడవలో ఉన్న దారి చూపే యంత్రంలోకి ఒక్క గుర్తు కూడా ఎక్కించలేదు, రేవులో ఎవడన్నా ఎక్కి చూస్తాడని. పొద్దున్నే ల్యాప్‌టాప్‌ని కోటు లోపల పెట్టుకుని పోవడం, మళ్లీ కోటు లోపలే ఇంటికి తేవడం. నువ్వు నవ్వేదానివి కూడా.

ఆ పటం సాఫ్ట్‌వేర్ కొన్నప్పుడు, ఒకసారి కొంటే మీదే అన్నారు. మొన్న ఫిబ్రవరిలో తెరిస్తే ఎర్ర అక్షరాలు. గడువు ముగిసిందట, ఏటేటా చందా కట్టాలట, కట్టేదాకా పటం చూపించదట. నా గుర్తులు నాకు చూపించడానికి ఎవడో ఊరూపేరూ తెలియనివాడికి నేను కప్పం కట్టాలా? ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతోంది. ఆ కోపం న్యాయమైనదే జెనీవ్, అది మాత్రం కాదనకు. ఆ కోపంలో నేను చేసిన పని ఉందే, దాన్ని నువ్వు ఏమన్నా పడతాను.

ఆ సాయంత్రం రేవులో మన పక్క పడవ లియాండర్ వచ్చాడు. మన కోవ్ లాంటి చిన్న రేవు ఊళ్లో తలుపు తట్టేవాడెవడు? తిన్నగా వంటింట్లోకి వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"ఏంట్రా ఆ మొహం? ఎవరన్నా పోయారా?"

"గడువు పోయింది," అని తెర చూపించాను.

"దీనికి డబ్బు కడతావా? పిచ్చోడా! చేపల ఫ్యాక్టరీలో ఒకాయన దగ్గర దీనికి మందుంది."

మర్నాడే పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చాడు. "ఇది పెట్టి ఒక్క నొక్కు నొక్కావంటే, నువ్వు చచ్చేదాకా మళ్లీ చందా ఊసెత్తదు."

"యాంటీవైరస్ ఊరుకుంటుందా మరి?"

"అదే కదరా కిటుకు! ముందు దాన్ని నిద్రపుచ్చాలంట. లోపలే రాసుంది, చదువుకో."

నిజంగానే రాసి ఉంది. యాంటీవైరస్ దీన్ని వైరస్ అంటుంది, అది పొరపాటు, నమ్మకండి, ముందు దాన్ని ఆపేయండి, ఆ తర్వాత కంప్యూటరు మీద పూర్తి అధికారమిచ్చి దీన్ని నడపండి అని. ఎవడన్నా మనింటికొచ్చి, "మీ కుక్క నన్ను చూసి మొరుగుతుంది, దాన్ని కట్టేసి, తాళాలన్నీ నా చేతిలో పెట్టండి" అంటే నేనేం చేస్తాను? తెడ్డు పుచ్చుకుని రేవుదాకా తరుముతాను. అదే మాట తెర మీద కనబడితే, బుద్ధిమంతుడిలా చెప్పినవన్నీ చేశాను.

పని చేసింది. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడనిది. ఎర్ర అక్షరాలు మాయం, పటం ప్రత్యక్షం, నలభై ఏడు గుర్తులూ తళతళా. ఆ రోజే పాడైపోయి ఉంటే అక్కడితో ఊరుకునేవాణ్ణి. ఐదు వారాలు సలక్షణంగా నడిచింది. నేను మీసం మెలేసుకుంటూ ఊనాకి చెప్పుకున్నాను కూడా.

అది పొంగిపోలేదు. "ఊరికే ఇచ్చినవాడికి ఏంటంట నాన్నా లాభం?" అంది.

"లోకంలో మంచోళ్లే ఉండరా?"

"ఉంటారు. కాపలా కుక్కలాంటి యాంటీవైరస్‌ని కట్టేయమనరు. సరే, గుర్తులన్నీ ఒక కాపీ తీసి ఇవ్వు, నా దగ్గర దాచుకుంటా."

ఇంతెత్తున లేచాను. "కాపీ అంటే ఏంటనుకున్నావ్? ఇంకో చోట ఇంకొకడి కళ్లబడటం! ఆ గుర్తులు ఒక్క చోటే ఉంటాయి. ఒక్క చోటే!" సొంత కూతురు మీద, ఈ సీజనుకి ఆ పడవకి యజమాని కాబోయే పిల్ల మీద అరిచాను. అది వెళ్లి కట్టెలు కొట్టుకుంది.

మార్చి పంతొమ్మిదిన పొద్దున తెరిచాను. పటం లేదు. ఊనా చిన్నప్పటి ఫోటోలు లేవు. ఫైళ్ల పేర్లున్నాయి, ప్రతి పేరు చివరా పిచ్చి అక్షరాల తోక ఉంది, ఏదీ తెరుచుకోదు. మధ్యలో ఒక చీటీ. అందులో మర్యాద చూడాలి జెనీవ్! ఆందోళన పడవద్దట. నా ఫైళ్లన్నీ భద్రంగా వాళ్ల తాళంలో ఉన్నాయట. మూడు రోజుల్లో ఏదో కంప్యూటరు నాణేల్లో డబ్బు పంపితే తాళంచెవి ఇస్తారట. సందేహాలుంటే వాళ్ల సహాయ సిబ్బందికి రాయొచ్చట! దొంగలకి సహాయ సిబ్బంది! మా అన్న పడవలో నేర్చుకున్న తిట్లన్నీ ఏరి ఒక జవాబు రాశాను. పది నిమిషాల్లో తిరుగు జవాబు వచ్చింది: "మీ బాధ మేము అర్థం చేసుకోగలం." ల్యాప్‌టాప్‌ని కిటికీలోంచి విసిరేసేవాణ్ణే, ఊనా చెయ్యి పట్టుకుంది.

అంతటితో పోలేదు. నా ఈమెయిలు పాస్‌వర్డు కూడా వాళ్లకి చిక్కింది. నా పేరుతో ఊరందరికీ ఉత్తరాలు వెళ్లాయి. నేను జన్మలో వాడని వినయంతో, ఏదో విమానాశ్రయంలో చిక్కుకుపోయాననీ, అర్జెంటుగా గిఫ్టు కార్డులు కొని నంబర్లు పంపమనీ. మన పాదిరిగారు వెతుక్కుంటూ ఇంటికొచ్చారు.

"నువ్వెప్పుడు విమానం ఎక్కావయ్యా ఆంబ్రోస్?" అన్నారు.

"నేను ఎక్కలేదు ఫాదర్. నా పేరు ఎక్కింది."

ఆయన నవ్వారు. పక్క కోవ్‌లో ముసలావిడ నోరా నవ్వలేదు. ఆవిడ నంబర్లు పంపేసింది. నిన్న వెళ్లి నా జేబులోంచి ఇచ్చి, క్షమించమని అడిగి వచ్చాను. డబ్బు తీసుకుంది కానీ, "నువ్వు కష్టంలో ఉన్నావని ఏడ్చాను రా" అంది. ఆవిడ కన్నీళ్లు ఎలా తిరిగివ్వాలో నాకు తెలియలేదు.

లైబ్రరీలో కంప్యూటర్లు చూసే డాఫ్నీ దగ్గరికి ల్యాప్‌టాప్‌ని తీసుకెళ్లాను. ఆ పిల్ల ముందు బ్యాంకుకు ఫోను చేయించి పాస్‌వర్డులన్నీ తన ఫోనులోనే మార్పించింది. నీ జీతం క్షేమం, దాని గురించి బెంగ పడకు. తర్వాత పెన్‌డ్రైవ్ చూసి నిట్టూర్చింది.

"వాళ్లేం తలుపు బద్దలుకొట్టి రాలేదు ఆంబ్రోస్ బాబాయ్. నువ్వే తీసి పట్టుకున్నావ్. చందా అడక్కుండా చేసిన ముక్క పైకి కనబడేది. దాని వెనకాలే ఇంకోటి దూరింది. ఐదు వారాలు నువ్వు కొట్టిన ప్రతి అక్షరం చూస్తూ కూర్చుంది."

"డబ్బు కట్టేస్తే ఇస్తారా?"

"ఇచ్చినోళ్లున్నారు, తీసుకుని మళ్లీ అడిగినోళ్లున్నారు. ముందు పోలీసులకి చెప్పు. డబ్బు మాత్రం కట్టకు బాబాయ్. అది సరే, కాపీ ఎక్కడుంది?"

"ఏ కాపీ?"

"గుర్తుల కాపీ. ఇంకో డ్రైవ్‌లోనో, నెట్‌లోనో."

"ఎక్కడా లేదు!" అన్నాను. గర్వంగా అన్నాను జెనీవ్. "నేనేమన్నా తెలివితక్కువవాణ్ణా, ఎక్కడపడితే అక్కడ పెట్టడానికి?"

డాఫ్నీ రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. తలెత్తి, "ఊరికే దొరికే మంచి పటాలు, దొంగవి కానివి కూడా ఉన్నాయి. ఒక్క మాట అడిగితే నేనే ఎక్కించి ఇచ్చేదాన్ని కదా," అంది. ఆ మాటకి నేను దాని మీద కూడా కోప్పడ్డాను. పాపం, అది చేసిందేముంది?

అక్కణ్ణుంచి తిన్నగా లియాండర్ షెడ్డుకి పోయాను. బోనులకి కట్టే బెండ్లకి రంగు వేసుకుంటున్నాడు, ఈల వేస్తూ.

"ఒరేయ్, నీ కంప్యూటరు కూడా పోయిందా?"

"నాదా? నేనెక్కడ పెట్టానురా అది?"

"పెట్టలేదా!"

"ముందు నీ దాంట్లో ఎలా నడుస్తుందో చూద్దామని ఆగా," అన్నాడు, బ్రష్షు ఆపకుండా. "అయినా నా గుర్తులు కంప్యూటర్లో ఎందుకుంటాయ్? నా బుర్రలో ఉన్నాయ్."

వాణ్ణి నీళ్లలో తోయలేదు. అది నా గొప్ప కాదు, రేవు దగ్గర ఇంకా మంచుముక్కలు తేలుతున్నాయి. వాడు దుర్మార్గుడు కాదని నాకు తెలుసు. ఇంజను చెడితే తన ఇంజను విప్పి ఇస్తాడు, దుప్పి కొడితే తొడమాంసం మనింటికే తెస్తాడు. గుర్తులు ఒక్కటే ఒకరికొకరం చెప్పుకోం. అందుకే నా కాపలా అంతా వాడి మీదే పెట్టాను. వాడు వెంట పడతాడేమోనని మూడు మలుపులు తిరిగి బోనులు వేసేవాణ్ణి. ఆ పక్కనే, మొహం కూడా చూడనివాడికి ఇల్లంతా అప్పజెప్పాను. మూడు రోజుల గడువూ దాటింది. పోలీసు ఫిర్యాదు రాసుకుని, ఇలాంటివి ఈ నెలలో ఇది నాలుగోది అన్నాడు. ఇక ఆ ఫైళ్లు రావు.

"గుర్తులు పోతే పోయాయి, అవన్నీ రాసున్న నాన్న పుస్తకం ఉంది కదా" అని నువ్వు ఇప్పటికే అనుకుని ఉంటావు. ఇంతసేపూ నేను ఈ ముక్క దగ్గరికి రాకుండా తప్పించుకున్నాను. నిన్న రాత్రి నుంచి ఈ ఉత్తరం ఇక్కడిదాకా రాసి చించేస్తున్నాను.

పుస్తకం లేదు. పోయిన అక్టోబరులో నేనే పొయ్యిలో వేశాను.

ఆ రోజు పుస్తకం బల్ల మీద పెట్టి, ఏదో గుర్తు సరిచూసుకుంటూ, కట్టెల కోసం బయటికి పోయాను. తిరిగొచ్చేసరికి లియాండర్ కుర్చీలో కూర్చుని టీ పోసుకుంటున్నాడు. పుస్తకం మూసే ఉంది. తెరిచి చూశాడో లేదో ఈనాటికీ నాకు తెలియదు. వాడు వెళ్లాక, కంప్యూటర్లో అన్నీ ఉన్నాయి కదా, ఈ కాగితాలు ఉంటే ఎప్పటికైనా ప్రమాదమేనని అట్టతో సహా పొయ్యిలో పెట్టాను. క్రిస్మస్‌కి నువ్వడిగితే, పెట్టెలో ఉందని అబద్ధం చెప్పాను. నీ మొహం చూసే చెప్పాను.

గురువారం ఊనాకి చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"ఆ పుస్తకంలో రాత ఎవరిది నాన్నా?" అని అడిగింది.

"మీ తాతది."

"తాతకి రాయడం వచ్చా?"

ఊనా లేచి వెళ్లింది. మీ నాన్న పాత లైసెన్సు కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. సంతకం ఉండాల్సిన చోట ఒక గీతకి అడ్డంగా ఇంకో గీత. బడి మొహం చూడని మనిషి ఆయన. అది నాకు తెలియని సంగతి కాదు. పెళ్లి రిజిస్టరులో కూడా ఆ గీతలే పెట్టాడు, నేను పక్కనే నిలబడి ఉన్నాను.

జేబులో నీ ఉత్తరం ఉంది. తీసి చూశాను. అదే గుండ్రటి రాత. చుక్క పెట్టాల్సిన చోట చిన్న సున్నా. ఆ సున్నాలు పుస్తకం నిండా ఉండేవి. పడవలోంచి చూస్తే చర్చి శిఖరం తెల్లబండ వెనక నుంచి బయటికి వచ్చి, అదే సమయానికి గొర్రెల దీవి కొన లైట్‌హౌస్‌ని తాకినట్టు కనబడితే అక్కడ పద్దెనిమిదో గుర్తు అని, చిన్నపిల్ల రాత. ఎన్నిసార్లు తిరగేశానో! ముప్పై రెండేళ్లుగా ఫ్రిజ్ మీద నీ చీటీల్లో రోజూ చూస్తున్న రాత. రాసిందెవరో ఒక్కసారి తట్టలేదు. నువ్వు పదేళ్లప్పుడు శనివారాలు ఆయనతో పడవలో పోయేదానివని మీ అమ్మ చెబుతుండేది. సరదాకి పోయేదానివనుకున్నాను. ఆయన చెబుతుంటే తడిసిన చేతులతో నువ్వు రాశావనీ, ఆ పుస్తకం ఊనాకి ఇచ్చేటప్పుడు ఉండాలని నువ్వు కోరుకుంది అందుకేననీ ఇప్పుడు తెలిసింది. నువ్వు చెప్పలేదు. నేను అడగలేదు. అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు, అది ఇంకా సిగ్గు.

దొంగల మీద, చందావాడి మీద, లియాండర్ మీద పది రోజులుగా చిందులు తొక్కాను. వాళ్లెవరూ ఆ పుస్తకాన్ని ముట్టుకోలేదు. పదేళ్ల పిల్ల రాసిన పుస్తకాన్ని కాల్చింది నేను. కోపం అంటూ ఉంటే ఇక్కడ ఉండాలి.

నిన్న ఊనా, నేను పడవ దింపి వెళ్లి చూశాం. నాకు గుర్తున్నవి పదకొండు. మిగతావాటికి "ఇటేనేమో", "అటేనేమో" అన్నాను. నేను మూడేళ్లు తెర చూశాను గానీ, ఒక్కసారి తలెత్తి ఒడ్డు చూడలేదు. ఊనా పడవ ఒడ్డుకి తిప్పింది. పడవ కట్టేసేటప్పుడు, "అమ్మని ఎప్పుడూ అడగలేదా నాన్నా?" అంది. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు ఏప్రిల్ పదిహేడున రిగ్గు దిగుతావు. ఇరవైన బోనులు వేయాలి. బోనులు పేర్చాక ఆ పడవలో ఇద్దరికే చోటు. ఆ రెండో చోటు నాది అనుకున్నాం. అది నీది. ముప్పై తొమ్మిదేళ్లుగా సీజను మొదటి రోజున నేను ఒడ్డున నిలబడి ఎరగను. ఈసారి నిలబడతాను. లియాండర్ వెటకారం చేస్తాడు, చేయనీ.

నలభై ఏడూ నీకు జ్ఞాపకం ఉంటాయని నేను అనుకోవడం లేదు. నలభై ఏళ్ల పైమాట కదా. ఎన్ని ఉంటే అన్ని. పడవలో కూర్చుని ఊనాకి చెప్పు. దాన్నే రాసుకోమను, ఎక్కడ దాచుకుంటుందో దాని ఇష్టం. నాకు మాత్రం చెప్పొద్దు జెనీవ్. ఇంటికొచ్చాక నేను అడిగినా సరే, చెప్పొద్దు.

ఇట్లు,
ఈసారి ఒడ్డునే ఉండే
నీ భర్త
ఆంబ్రోస్